సంతకం పెట్టే మనిషి ఊళ్లో లేనప్పుడు



1861 మే నెల. ఫ్రాన్సు దేశంలో కొమాంత్రీ అనే ఊరి బొగ్గు గనిలో ఒక గుర్రం కాలు విరిగింది. ఆ రోజుల్లో గని లోపల బొగ్గు బండ్లను లాగేది గుర్రాలే. గుర్రం పడిపోతే ఆ అంతస్తులో పని నిలిచిపోయినట్టే. అక్కడ కొత్తగా చేరిన ఇంజనీరుకు అప్పటికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. ఇంకో గుర్రాన్ని పంపమని అతను వెంటనే చీటీ రాశాడు. గుర్రపుశాల చూసుకునే మనిషి ఆ చీటీ తీసుకోలేదు. దాని మీద డైరెక్టరు సంతకం లేదు. డైరెక్టరు ఆ రోజు ఊళ్లో లేడు. తాను లేనప్పుడు ఎవరు సంతకం పెట్టాలో చెప్పి వెళ్లలేదు. కుర్రాడు ఎంత బతిమాలినా శాల మనిషి కదల్లేదు. నాకున్న ఉత్తరువు ఇదీ అన్నాడు. ఆ అంతస్తులో ఆనాటి బొగ్గు నష్టమే అయింది.

కుర్రాడు ఈ సంగతి తన నోటుబుక్కులో రాసిపెట్టుకున్నాడు. అధికారి ఊళ్లో లేకపోయినా అధికారం ఊళ్లో ఉండాలి అన్నది అతను అందులోంచి తీసుకున్న సారం.

అతని పేరు హెన్రీ ఫేయోల్. 1888లో ఆ గనిని నడిపే కంపెనీ దివాలా అంచున ఉన్నప్పుడు పగ్గాలు చేతికి తీసుకుని, దాన్ని నిలబెట్టి, 1918 దాకా నడిపాడు. 1916లో వెలువడిన ఆయన రచనలోని పద్నాలుగు సూత్రాలు నేటికీ మేనేజ్‌మెంట్ పాఠ్యపుస్తకాల్లో తొలి పాఠాల్లోనే ఎదురవుతాయి. పని విభజన, అధికారం, క్రమశిక్షణ, ఒకే అధికారి నుంచి ఆజ్ఞలు, ఇట్లా వరసగా సాగుతాయి. పారిస్‌లో చదివినా మన రాయలసీమలోని రాజంపేటలో చదివినా ఆ పద్నాలుగూ నేర్వక తప్పదు.

రాజంపేటలో ఎంబీఏ మొదటి సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి కూడా వాటిని నేర్చుకుంది. ఆమె పేరు ఇక్కడ అవసరం లేదు. అలాంటి పిల్లలు ఈ ప్రాంతంలో ప్రతి వీధికీ ఒకరున్నారు. సూత్రాలు కంఠతా వచ్చాయి కానీ మనసుకు పట్టలేదు. గుర్రం కథ చదివినప్పుడు మాత్రం ఆమె పుస్తకం మూసి చాలాసేపు కూర్చుంది. ఆమెకు గుర్తొచ్చింది ఫ్రాన్సు గని కాదు, వాళ్లమ్మ పొదుపు సంఘం.

ఆ సంఘంలో పది మంది ఆడవాళ్లు. మొదటి లీడరు ఒకరు, రెండో లీడరు ఒకరు. బ్యాంకులో సంఘం ఖాతా నుంచి డబ్బు తీయాలంటే ఇద్దరూ సంతకాలు చేయాలి. అమ్మాయి తల్లి రెండో లీడరు. మొదటి లీడరుకు కువైట్ వీసా వచ్చింది. పది రోజుల్లో బట్టలు సర్దుకుని, పిల్లల్ని వాళ్ల జేజి దగ్గర వదిలి, చెన్నై వెళ్లి విమానం ఎక్కింది. వీధివీధంతా వెళ్లి సాగనంపి వచ్చింది. సంతకం సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదు.

మరుసటి నెల సంఘంలో ఒక సభ్యురాలు కూతురి ఫీజు కోసం అప్పు అడిగింది. అందరూ సరే అన్నారు. తీర్మానాల పుస్తకంలో రాసుకున్నారు. ఖాతాలో డబ్బుంది. రెండో లీడరు పుస్తకాలు సంచిలో పెట్టుకుని బ్యాంకుకు పోయింది. అక్కడ కౌంటరు దగ్గర జరిగింది రెండు మాటలే.

"ఇంకో సంతకం ఏదమ్మా?"

"ఆయమ్మ కువైట్‌లో ఉండాది సార్. యాడ నుంచి తెచ్చేది సంతకం?"

తప్పు బ్యాంకుది అనడానికి లేదు. రెండు సంతకాల నిబంధన పెట్టిందే సంఘం డబ్బు ఒకరి చేతిలో పడిపోకూడదని. కొత్త లీడరును ఎన్నుకుని, అందరి సంతకాలు, వేలిముద్రలతో తీర్మానం రాసి, ఫోటోలు, ఆధార్ నకళ్లు జతచేసి ఇస్తే మార్చి ఇస్తామన్నారు. సభ్యుల్లో ఇద్దరు అరటి తోటల కూలికి పోతారు. ఒకామె పుట్టింటికి పోయింది. అందరూ ఒకచోట చేరడానికి, కాగితాలు కావడానికి మూడు వారాలు పట్టింది. ఫీజు కట్టాల్సిన తేదీ దాటిపోయింది. అప్పు అడిగిన ఆ తల్లి చెవుల కమ్మలు కుదువ పెట్టి బయట వడ్డీకి తెచ్చుకుంది.

గుర్రాలు శాలలోనే ఉన్నాయి. పని మాత్రం ఆగిపోయింది.

ఆ రోజు నుంచి అమ్మాయి క్లాసు నోట్సుతో పాటు ఇంకో నోటుబుక్కు పెట్టుకుంది. మొదటి పేజీలో ఒక ప్రశ్న రాసుకుంది: నడిపించే మనిషి లేనప్పుడు పని ఏమవుతోంది? చదువుతున్న ప్రతి పాఠాన్నీ, విన్న ప్రతి నాయకుడి కథనూ ఈ ప్రశ్నతోనే పరీక్షించడం మొదలుపెట్టింది. మేనేజ్‌మెంట్ చదివే విద్యార్థులు తెచ్చిపెట్టుకోవాల్సిన గుణం ఇదే. సూత్రాన్ని ఇంటికి తీసుకొచ్చి, తమ గడపలో నిలబెట్టి చూడడం.

రాజంపేట ఈ ప్రశ్నకు తగిన ఊరే. రాజంపేట, కోడూరు, రాయచోటి చుట్టుపక్కల ఎన్నో ఇళ్లలో సంపాదించే మనిషి కువైట్‌లో ఉంటాడు, ఉంటుంది. మగవాళ్లు డ్రైవర్లుగా, ఆడవాళ్లు ఇంటిపనికి. ఆ ఇళ్లన్నీ లేని మనిషి పేరు మీద నడుస్తున్న ఇళ్లు. ఈ అమ్మాయి తండ్రీ అక్కడే. శుక్రవారం అక్కడ సెలవు. అక్కడ తొమ్మిదైతే ఇక్కడ పదకొండున్నర. ఆ వేళకు ఫోను మోగుతుంది. వారంలో తేలాల్సినవన్నీ ఆ అరగంటలోనే. బోరు మోటారు కాలిపోయింది, బాగు చేయించాలా కొత్తది కొనాలా? మేనమామ కొడుకు పెళ్లికి ఎంత పెట్టాలి? మొదటి రెండేళ్లు తల్లి ప్రతిదానికీ శుక్రవారం దాకా ఆగేది. మోటారు సోమవారం కాలిపోతే చీనీ చెట్లు శుక్రవారం దాకా ఎండేవి.

ఒక వేసవిలో తండ్రే విసిగిపోయి అన్నాడట: "ఐదు వేల లోపల ఖర్చుకు నన్ను అడగొద్దు. నువ్వే చూసుకో. అయినాక చెప్తే చాలు." అమ్మాయి ఈ మాటను నోటుబుక్కులో తేదీతో సహా రాసుకుంది. దాని పక్కనే పాఠ్యపుస్తకంలో అధికార బదలాయింపుకు ఇచ్చిన నిర్వచనం రాసింది. నాన్న మాటే సులభంగా అర్థమవుతుందని కింద గీత గీసింది. నిజానికి ఆ వాక్యంలో హద్దు ఉంది, నమ్మకం ఉంది, తర్వాత లెక్క చెప్పాలన్న షరతూ ఉంది. మూడూ ఉంటేనే అది అప్పగింత. హద్దు లేకపోతే వదిలేయడం అవుతుంది, నమ్మకం లేకపోతే కాపలా అవుతుంది.

క్లాసులో చెప్పిన వాటిలో ఆమెకు బాగా నచ్చిన ప్రయోగం ఒకటుంది. 1930ల చివర్లో అమెరికాలోని అయోవాలో కర్ట్ లెవిన్, రోనాల్డ్ లిప్పిట్, రాల్ఫ్ వైట్ అనే పరిశోధకులు పదేళ్ల వయసు పిల్లల్ని గుంపులు చేసి, మాస్కులు చేయడం లాంటి పనులు అప్పగించారు. ఒక గుంపును పెద్దాయన ఆజ్ఞలతో నడిపాడు. ఒక గుంపుతో పెద్దాయన మాట్లాడి, కలిసి నిర్ణయించి నడిపాడు. ఒక గుంపును వాళ్ల మానాన వదిలేశారు. ఆజ్ఞలిచ్చే మనిషి ఎదుట ఉన్నంతసేపు ఆ గుంపులో పని బాగానే సాగింది. పరిశోధకులు మధ్యమధ్యలో పెద్దల్ని గది బయటికి పంపి చూశారు. ఆజ్ఞల గుంపులో పని ఒక్కసారిగా పడిపోయింది. కలిసి నిర్ణయించుకున్న గుంపులో దాదాపు ముందులాగే సాగింది. పాఠ్యపుస్తకాలు ఈ ప్రయోగాన్ని నాయకత్వ పద్ధతులు ఎన్ని రకాలని చెప్పడానికి వాడుకుంటాయి. అసలు విషయం మాత్రం ఆ తలుపు దగ్గర ఉంది. టీచరు బయటికి పోతే మన క్లాసు ఏ గుంపో అందరికీ తెలుసు అని అమ్మాయి రాసుకుంది.

ఈ ప్రశ్న రాజంపేటలో ఎంత బరువైనదో చెప్పాలంటే చెయ్యేరు వరద గురించి చెప్పక తప్పదు.

2021 నవంబరు 19, కార్తీక పౌర్ణమి. ముందు రోజంతా, రాత్రంతా వాన. ఎగువన పింఛ ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ నీరు, వాగుల నీరు కలిసి చెయ్యేరు మీద రాజంపేట దగ్గరున్న అన్నమయ్య ప్రాజెక్టు మీదికి వచ్చింది. తెల్లవారేసరికి మట్టికట్ట కొట్టుకుపోయింది. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట, గుండ్లూరు లాంటి ఊళ్ల మీద ఏరు పడింది. పండగ పూట దీపాలు పెట్టడానికి గుడికి పోయినవాళ్లు తిరిగి రాలేదు. ఇళ్లు, గొడ్లు, మోటార్లు, ఏళ్ల తరబడి పెంచిన తోటలు పోయాయి. నందలూరు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కోసుకుపోయి, చెన్నై, ముంబై మధ్య రైళ్లు ఆగిపోయాయి. పొలాల మీద మనిషెత్తు ఇసుక మేటలు వేసింది. అన్నమయ్య ప్రాజెక్టుకున్న ఐదు గేట్లలో ఒకటి పనిచేయలేదని అదే ఏడాది డిసెంబరులో అప్పటి కేంద్ర జలశక్తి మంత్రి రాజ్యసభలో చెప్పారు. అంత వరద ఎవరి అంచనాకూ అందనిదని రాష్ట్రం తరఫున సమాధానం వచ్చింది.

అప్పుడు ఆ అమ్మాయి ఇంటర్ చదువుతోంది. కాలేజీ పిల్లలతో కలిసి పాత దుప్పట్లు, బియ్యం మూటలు పట్టుకుని ఒక ఊరికి పోయింది. ఇల్లు ఉన్నచోట పునాది రాళ్ల మీద కూర్చుని ఒక ముసలాయన ఒకే మాట పదే పదే అంటున్నాడు: "ఎవురన్నా ఒక్క కేక వేసింటే సాలు నాయనా." నాలుగేళ్ల తర్వాత ఎంబీఏ క్లాసులో విపత్తు నిర్వహణ పాఠం చెబుతున్నప్పుడు ఆమెకు ఆ కేకే వినబడింది.

తప్పెవరిదో తేల్చడం ఈ ప్రసంగం పని కాదు. కానీ ఆ విద్యార్థిని నోటుబుక్కులో వేసుకున్న ప్రశ్నలు రాష్ట్రంలో ప్రతి జలాశయం దగ్గరా అడగాల్సినవే. అర్ధరాత్రి నీరు పెరుగుతున్నప్పుడు గేటు దగ్గరున్న మనిషి ఎవరికి చెప్పాలి? ఆ పెద్దాయన ఫోను కలవకపోతే తర్వాత ఎవరికి? ఆయనా దొరక్కపోతే దిగువ ఊళ్లలో తానే చాటింపు వేయించవచ్చా, లేక పైనుంచి మాట వచ్చేదాకా కాచుకోవాలా? పొరపాటున అనవసరంగా ఊళ్లు ఖాళీ చేయిస్తే మర్నాడు అతనికి మెమో వస్తుందా, మెచ్చుకోలు వస్తుందా? ఈ చివరి ప్రశ్నకు జవాబు ముందే తెలిసి ఉంటేనే కింది మనిషి నోట కేక బయటికి వస్తుంది. గుర్రపుశాల మనిషి భయపడింది కూడా దీనికే కావచ్చు. అక్కడ నష్టం ఒక రోజు బొగ్గు. ఇక్కడ మనుషులు.

పనిచేయని చిన్న భాగం పెద్ద పనిని ఎట్లా కూలుస్తుందో చెప్పే కథ మన పక్కనే, శ్రీహరికోటలోనూ ఉంది. 1979 ఆగస్టు 10న ఎస్సెల్వీ-3 రాకెట్ రెండో దశలో అదుపు తప్పి బంగాళాఖాతంలో పడింది. రెండో దశను అదుపు చేసే వ్యవస్థలో ఒక కవాటం సరిగా మూసుకోక, అందులోని ఆమ్లం కారిపోయింది. ప్రాజెక్టు డైరెక్టరు అబ్దుల్ కలాం. ఆ రోజు పత్రికల వాళ్ల ముందుకు వచ్చి బాధ్యత తన మీద వేసుకున్నది ఇస్రో అధ్యక్షుడు సతీశ్ ధవన్. 1980 జులై 18న అదే రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టినప్పుడు ఆయన వెనక్కి తగ్గి, విలేకరులతో నువ్వే మాట్లాడు అని కలాంను ముందుకు పంపారు. ఈ కథ వినని మేనేజ్‌మెంట్ విద్యార్థి ఉండడు. రాజంపేట అమ్మాయి ఆగింది రెండు తేదీల మధ్య ఉన్న పదకొండు నెలల దగ్గర. తమ తప్పును దాచనక్కర లేదని తెలిసిన ఇంజనీర్లు ఆ పదకొండు నెలల్లో కవాటం సంగతి తేల్చుకున్నారు. ధవన్ మొదటిరోజు తీసుకున్న బాధ్యత వల్ల వాళ్లకు దక్కిన ధైర్యం అది అని ఆమె రాసుకుంది.

సత్య నాదెళ్ల చెప్పిన క్రికెట్ కథ కూడా ఆమె నోటుబుక్కులో ఉంది. నాదెళ్ల తండ్రి, ఐఏఎస్ అధికారి బుక్కాపురం నాదెళ్ల యుగంధర్, మన అనంతపురం జిల్లా బుక్కాపురం మనిషి. ముస్సోరిలో ఐఏఎస్‌లకు శిక్షణ ఇచ్చే అకాడమీకి డైరెక్టరుగా పనిచేశారు. కొడుకు హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో ఆడుతుండగా ఒక మ్యాచ్‌లో అతని బౌలింగ్‌ను ప్రత్యర్థులు చితగ్గొడుతుంటే, కెప్టెన్ బంతి తాను తీసుకుని ఒక వికెట్ పడగొట్టాడు. ఆ తర్వాత బంతి మళ్లీ నాదెళ్లకే ఇచ్చాడు. మైక్రోసాఫ్ట్ పగ్గాలు పట్టిన మనిషి 2017లో వచ్చిన తన పుస్తకంలో ఆ చిన్న సంగతిని తలుచుకున్నాడు. మిగతా సీజన్ అంతా ఆ కుర్రాడు తనకు కావాలని కెప్టెన్‌కు తెలుసు. బంతి లాక్కోవడం ఏ కెప్టెన్‌కైనా వచ్చు. తిరిగి ఇవ్వడమే నేర్చుకోవాలి.

ఫేయోల్, లెవిన్, ధవన్, నాదెళ్ల కథలు పుస్తకాల్లో దొరికే ఉదాహరణలు. మన కడప గడ్డ మీద ఇంతకన్నా చక్కటి ఉదాహరణ ఉంది, నాకు తెలిసి దాన్ని ఏ మేనేజ్‌మెంట్ పుస్తకమూ ఎత్తుకోలేదు.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో కడపకు చిన్న ఉద్యోగిగా వచ్చాడు. తాటాకుల మీదున్న తెలుగు కావ్యాల్ని చెదలు తినేస్తున్నాయని చూసి, కడపలో ఒక బంగళా కొని, పండితుల్ని, లేఖకుల్ని జీతాలకు పెట్టుకున్నాడు. జీతాలు సర్కారువి కావు. తన జేబులోంచి, చాలక అప్పులు తెచ్చి ఇచ్చాడు. ఆ బంగళాలో జరిగిన పని చూడండి. ఒకే కావ్యానికి వేర్వేరు ఊళ్ల నుంచి ప్రతులు తెప్పిస్తారు. లేఖకుడు ఒక ప్రతిని కాగితం మీద ఎక్కిస్తాడు. ఇంకో ప్రతిలో పాఠం వేరుగా ఉంటే గుర్తు పెడతారు. పండితులు కూర్చుని ఏది సరైందో చర్చించి తేలుస్తారు. పదాల పట్టికలు వేస్తారు. తర్వాత శుద్ధప్రతి తయారవుతుంది. ఒకరి పని ఇంకొకరు సరిచూస్తారు. ఈ రోజుల్లో నాణ్యత నియంత్రణ అని పాఠాలు చెబుతున్నది ఇదే.

అమ్మాయి ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరికింది. బ్రౌన్ కడపలో స్థిరంగా ఉన్నవాడు కాదు. ఈస్టిండియా కుంఫిణీ ఉద్యోగం అతన్ని మచిలీపట్నానికి, రాజమండ్రికి, ఎక్కడెక్కడికో తిప్పింది. ఆయన లేనప్పుడు కడప బంగళాలో పండితుల్ని, లేఖకుల్ని, పనిని చూసుకున్నది అయోధ్యాపురం కృష్ణారెడ్డి. దొర ఊళ్లో లేడని లేఖకుల కలాలు ఆగలేదు. బ్రౌన్ వేమన పద్యాలు 1829లో అచ్చయ్యాయి. 1850ల తొలినాళ్లలో నిఘంటువులు వచ్చాయి. బ్రౌన్ పేరు ప్రతి తెలుగు విద్యార్థికీ తెలుసు. కృష్ణారెడ్డి పేరు కడప జిల్లాలో ఎంతమందికి తెలుసు? ఆ పేరు మన పిల్లల పుస్తకాల్లో ఉండాలి. బ్రౌన్ గొప్పతనం తెలుగు మీద ప్రేమలో ఎంత ఉందో, తాళాలు ఎవరి చేతిలో పెట్టాలో తెలిసిన తెలివిలో అంతే ఉంది.

ఆ బంగళా కాలంతో పాటు మొండిగోడలుగా మిగిలింది. జానమద్ది హనుమచ్ఛాస్త్రి అనే అధ్యాపకుడు ఆ స్థలంలో గ్రంథాలయం కట్టాలని పట్టుబట్టి, ఇల్లిల్లూ తిరిగి చందాలు పోగుచేశారు. ఈ రోజు కడప ఎర్రముక్కపల్లెలో సీపీ బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం నిలబడి ఉంది. శాస్త్రిగారు 2014లో కన్నుమూశారు. కేంద్రం యోగి వేమన విశ్వవిద్యాలయం చేతిలో నడుస్తోంది. అమ్మాయి అక్కడికి పోయి ఒక మధ్యాహ్నం కూర్చుని వచ్చింది. పని మొదలుపెట్టిన మనిషి పోయాక కూడా బల్లలు, పుస్తకాలు, చదువుకునే పిల్లలు ఉన్నారని మాత్రం రాసుకుంది.

తిరిగి రాజంపేటకు వస్తుంటే దారిలో వాగ్గేయకారుడు అన్నమయ్య 108 అడుగుల విగ్రహం. అక్కడి నుంచి ఆయన ఊరు తాళ్లపాక దగ్గరే. అన్నమయ్య 1503లో పరమపదించాడు. రాసినవి ముప్పైరెండు వేల సంకీర్తనలని సంప్రదాయం చెబుతుంది. ఆయన కొడుకు పెద తిరుమలాచార్యుడు తండ్రి పాటల్ని, తన పాటల్ని రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలో ఒక అరలో భద్రం చేయించాడు. మనవడు చిన తిరుమలాచార్యుడూ ఆ పని పట్టుకున్నాడు. తాత సంస్కృతంలో రాసిన సంకీర్తన లక్షణాన్ని తెలుగులోకి తెచ్చాడు. ఇంకో మనవడు తాత జీవితం ద్విపదలో రాశాడు. తర్వాత కొన్ని వందల ఏళ్లు ఆ రేకులు చీకట్లో ఉండిపోయాయి. ఇరవయ్యో శతాబ్దంలో బయటపడి, సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితుల చేతుల మీదుగా అచ్చుకెక్కాయి. పాడిన మనిషి పోయి ఐదు వందల ఏళ్లు దాటింది. రాగిరేకు ఎంచుకున్న కొడుకు ముందుచూపు వల్లే రాజంపేట ఆటోల్లో, గుళ్లలో, పెళ్లిళ్లలో ఆ పాటలు వినబడుతున్నాయి. తండ్రికి విగ్రహం ఉంది, ఉండాల్సిందే. పాఠ్యపుస్తకంలో వారసత్వ ప్రణాళిక అనే అధ్యాయానికి కొడుకు బొమ్మ వేయవచ్చు.

ఇక పొదుపు సంఘం సంగతి.

రాయలసీమ ఆడవాళ్లకు మేనేజ్‌మెంట్ కొత్త కాదు. 1990ల మధ్యలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో దక్షిణాసియా పేదరిక నిర్మూలన కార్యక్రమం కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మొదలైంది. కర్నూలు జిల్లా ఓర్వకల్లులో పొదుపులక్ష్మి సంఘాల ఐక్య సంఘం అందులోంచి ఎదిగినదే. రోజుకూలీకి పోయే ఆడవాళ్లు సొంత భవనం కట్టుకుని, లక్షల లావాదేవీలు తామే నడిపి, వేరే రాష్ట్రాల వాళ్లకు పాఠాలు చెప్పారు. 2000లో వెలుగు పథకం వచ్చాక ఈ పద్ధతి రాష్ట్రమంతా పాకింది. సంఘాలకు ఐదు సూత్రాలున్నాయి, పంచసూత్రాలంటారు. క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, లోపల్లోపల అప్పులు, సకాలంలో కంతులు కట్టడం, పుస్తకాలు సరిగ్గా రాయడం. ఫేయోల్ పద్నాలుగు చెప్పాడు, మన ఆడవాళ్లు ఐదింటితో నెట్టుకొస్తున్నారు. లీడర్లను మార్చుతూ ఉండాలన్నది కూడా సంఘాల నియమమే. చాలాచోట్ల అది కాగితం మీదే ఉండిపోతుంది, ఎందుకంటే ఒకామెకు బ్యాంకు దారి తెలిసింది కదా, ఆమెనే పోనీ అంటారు. ఆ ఒకామె వీసా వచ్చి వెళ్లిపోయిన రోజు సంఘం మొత్తం ఎడారిలో నిలబడుతుంది.

అమ్మాయి ఒక ఆదివారం తల్లి సంఘం సమావేశంలో కూర్చుంది. గుడి అరుగు మీద సమావేశం. చాప మీద పుస్తకాలు, ఒక రేకు డబ్బా, వక్కాకు పళ్లెం. చదువుకున్న పిల్ల కదా అని ఆమెనే తీర్మానం రాయమన్నారు. ఆమె క్లాసులో నేర్చుకున్న భాషలో రాసింది. సంఘ నాయకురాలు దీర్ఘకాలం గైర్హాజరైన పక్షంలో ఆమె అధికారాలను ప్రత్యామ్నాయ సభ్యురాలికి బదలాయించాలని నిర్ణయించడమైనది. చదివి వినిపించింది. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అది కాదు పాపా," అంది తల్లి. "ఊరు ఇడ్సి పొయ్యే మనిషి పోకముందే తాళంచెవి ఇచ్చి పోవాల. అది రాయి."

ఆమె కొట్టేసి అదే రాసింది. దాని కింద ఇంకో రెండు వాక్యాలు సభ్యులే చెప్పి రాయించారు. లీడరు నెల రోజులకు మించి ఊళ్లో లేకుంటే సంతకం ఎవరిదో సంఘం ముందుగానే తేల్చుకోవాలి. ప్రతి ఏడాదీ ఇద్దరు కొత్త సభ్యులు లీడర్లతో పాటు బ్యాంకుకు పోయి, డబ్బు తీసే పని, వేసే పని చూసి నేర్చుకోవాలి. ఇంతవరకూ బ్యాంకు గడప తొక్కని ఒకామె, అరటి గెలలు మోసి భుజం కాయలు కాచిన మనిషి, మొదటి పేరు తనది రాయమంది. మరుసటి వారం ఆమె తీర్మానం కాగితం కొంగులో ముడి వేసుకుని రెండో లీడరు వెంట బ్యాంకుకు పోయింది. ఓచరు ఎట్లా నింపాలో కౌంటరు దగ్గర రెండుసార్లు అడిగి తెలుసుకుంది. తిరిగొచ్చి మిగతావాళ్లకు చెప్పింది.

ఎంబీఏ అమ్మాయి ప్రాజెక్టు రిపోర్టుకు ఈ సంఘాన్నే అంశంగా తీసుకుంది. పెద్ద కంపెనీ తీసుకోవచ్చు కదా అని తోటివాళ్లు అన్నారు. ఆమె మార్చుకోలేదు. ఆమె నిర్ణయం సరైనది. గుడి అరుగు మీద తేలిన విషయం తేలక ఎన్నో కంపెనీలు, ఆఫీసులు, ఆనకట్టలు ఇక్కట్లు పడుతున్నాయి.

వింటున్న సోదరీమణులకు, సోదరులకు ఒక్క మనవి. మీ పొదుపు సంఘం, పాలకేంద్రం, బడి కమిటీ, నీటి సంఘం, గుడి కమిటీ, ఏదైనా సరే, ఈ వారం ఒకసారి దాని పుస్తకం బయటికి తీయండి. మొదటి సంతకం పెట్టే మనిషి రేపు ఊళ్లో లేకపోతే రెండో సంతకం ఎవరిదో చూడండి. ఆ చోట పేరు లేకపోతే, వచ్చే సమావేశంలోనే రాసుకోండి.